తోకకు కట్టిన కట్టు

"ఈ అంకెలన్నీ హాస్టల్లో కూర్చుని నువ్వు రాసినవేనా పద్మాక్షీ?"

మా గైడు సారంగపాణి గారు అలా అడిగేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాదని గట్టిగానే అరిచాను. అది ఎనభై ఆరో సంవత్సరం. నాలుగేళ్లుగా తిరుపతిలో ఎలుకల కంపు పీలుస్తూ బతుకుతున్నదాన్ని. ఆయన నమ్మి సంతకం పెట్టకపోతే నాకు డాక్టరేటు లేదు.

అంతరిక్షంలో బరువు తెలియకపోతే ఒంట్లో కండ ఏమవుతుందన్నది మా పరిశోధన. ఎలుకను అంత పైకి పంపే స్తోమతు మాకెక్కడిది? అందుకని తోకకు ప్లాస్టరు చుట్టి, వెనక కాళ్లు నేలకు తగలకుండా గూటి పైకమ్మీకి కొక్కెంతో వేలాడదీస్తాం. ముందు కాళ్లతోనే తిరుగుతుంది, తింటుంది. రెండు వారాలకు, బరువు మోయని కాళ్లలో కండ సన్నబడుతుంది. తిన్నదాన్ని శక్తిగా మార్చే ఎంజైము ఆ కండ కణాల్లో తగ్గుతుంది. గుండె కండలోనూ తగ్గుతుంది.

మొదటి విడతలో ఎనిమిది ఎలుకలకూ అలాగే తగ్గింది. రెండో విడతలో గుండెలో ఎనిమిదింటికీ తగ్గింది, కాళ్లలో మాత్రం నాలుగింటికే తగ్గింది. "ఒకే గది, ఒకే మేత. సగం ఎలుకల కాళ్లకు ఎవరు వరమిచ్చినారమ్మా?" అని సారు ఎగతాళి.

రెండు విడతల మధ్య మారింది ఒక్కటే. ఎలుకల గదికి కొత్త అటెండరు వచ్చాడు. పేరు గోవిందయ్య, పుత్తూరు మనిషి, యాభై దాటినవాడు. నేను తలుపు తోస్తే చాలు, భుజం మీది తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ లేచేవాడు. "ఇప్పుడే మేత పెట్టినానమ్మా" అనేవాడు, నేను అడక్కముందే. అడగని దానికి జవాబు చెప్పేవాణ్ని నేను నమ్మను.

మూడో విడత మొదలవగానే కాపు కాశాను. ఎలుకల్ని కిందికి దించుతున్నాడేమోనని కొక్కేలకు ఎర్రదారం ముడివేశాను. ముడి చెదరలేదు. అయితే మోసం మేతలోనే ఉందని తేల్చేశాను. నచ్చినవాటికి మెండుగా పెట్టి, మిగిలిన శనగలు ఇంటికి మోసుకుపోతున్నాడు! కళ్లారా చూసింది లేదు. అయినా 'గోవిందయ్య మేత దొంగ, పనిలోంచి తీసేయండి' అని కాగితం రాసి సారు బల్ల మీద పెట్టాను.

మర్నాడు మా ఊరు సత్యవేడు పోతున్నానని అతనితో చెప్పి, మధ్యాహ్నం చప్పుడు చేయకుండా వెళ్లాను. గోవిందయ్య గూటి ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. వేలాడే ఎలుక వెనక కాలిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా సాగదీస్తున్నాడు, ముడుస్తున్నాడు. పక్కన గిన్నెలో నువ్వుల నూనె.

"ఏం చేస్తున్నావు?" అని అరిచాను.

"కాలు రుద్దతా ఉండానమ్మా. తోకకు కట్టు సూసి ఎముక ఇరిగిందనుకుంటి. మాది కట్లు కట్టే ఇల్లు. కట్టులో ఉండే కాలిని రుద్దకుంటే పుల్లైపోతాదని మా నాయన సెప్పేవాడు. ముట్టుకోవద్దని ఆఫీసులో అన్నారు, అందుకే నీతో సెప్పలా."

"ఎనిమిదింటికీ రుద్దుతున్నావా?"

"లేదమ్మా. కరిసేవాటి జోలికి పోను."

చెయ్యి పట్టుకుని సారు గదికి లాక్కుపోయాను. సారు అంతా విన్నారు. నా నోటుబుక్కు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని అడిగారు. "పోయిన విడతలో నువ్వు రుద్దినవి ఏ గూళ్లలోవి?"

"రెండు, మూడు, ఆరు, ఎనిమిది సామీ." ఆలోచించనైనా లేదు.

సారు పుస్తకం తెరిచారు. కాళ్లు తగ్గనివి సరిగ్గా అవే.

"గుండెకు కూడా రుద్దినావా?"

"గుండెకు చెయ్యి యాడ అందుతాది సామీ?"

సారు నవ్వలేదు. "నీ అంకెలు నిజమేనమ్మా. అనుమానించడం నా తప్పు. థీసిస్ రాసుకో, సంతకం పెడతాను" అన్నారు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

అప్పుడాయన పుస్తకాల కిందినుంచి ఒక కాగితం తీసి నా ముందుకు జరిపారు. "మరి దీన్నేం చేయమంటావు?"

నేను అందుకునేలోగా గోవిందయ్య వంగి చూశాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ తన పేరు చదివాడు. ఆ పక్క మాటలూ చదివాడు. నూనె చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"ఇది నువ్వు రాసిందేనామ్మా?"

కాదని అరవడానికి ఈసారి నాకు నోరు లేదు. అవునన్నాను.