కన్ను దిద్దేవేళ

లింగమూర్తి ఊపిరి బిగబట్టి జింకబొమ్మకు కుడికన్ను దిద్దాడు. ఎడమకంటి చోట గుర్తుకు తెల్లచుక్క పెట్టేసరికి చూపు అలుక్కుపోయింది. నిర్మల్ బొమ్మకు కన్నే చివరి పని. కన్ను దిద్దేవాడి దగ్గర ఎవరూ నోరు విప్పరాదు. చెయ్యి అదిరిందా, అన్నాళ్ల కష్టం బూడిదే. కాపురానికొచ్చిన నాటినుంచీ భార్య అనసూర్య ఆ వేళల్లో దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. పొణికి కట్టె నున్నగా రుద్దింది, చింతగింజల జిగురు పూసింది, రంగులు నూరింది. కుంచె మాత్రం ఆయన ఇవ్వలేదు.

"రెండోది నేను దిద్దనా?" అంది.

"నీతోని కాదు. కంటి పొర తీయించుకొని వచ్చి నేనే దిద్దుత."

మాట కటువుగా వచ్చిందని ఆయనకే అనిపించింది. అయినా సర్దుకుంటే పెద్దరికం ఏమైపోవాలి!

యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం అది. ఆ మధ్యాహ్నమే బడిలో పెట్టిన కంటి శిబిరానికి వెళ్లాడు. బల్లమీద పడుకోబెట్టి డాక్టరు ముందే చెప్పాడు: "కన్ను లాగి పట్టినప్పుడు కొందరికి గుండె నెమ్మదిస్తుంది. కడుపులో తిప్పినా, నీరసమొచ్చినా వెంటనే చెప్పు. లాగడం ఆపితే సర్దుకుంటుంది."

"సరే సారూ."

చుక్కలమందుకు కన్ను మొద్దుబారింది. డాక్టరు దారం వేసి కనుగుడ్డును లాగగానే కడుపులో దేవింది. ఒళ్లంతా చల్లటి చెమట. గుండె ఒకసారి కొట్టుకుని, మళ్లీ కొట్టుకోవడానికి ఎంతో తాత్సారం చేసింది. చెప్పాలి. మాట నాలుకదాకా వచ్చింది. కానీ మీదికి వంగిన మనిషి కన్ను దిద్దుతున్నాడు. అలాంటి వేళ ఎవరినీ మాట్లాడనివ్వనివాడు తానెలా మాట్లాడతాడు? డాక్టరు చెయ్యి అదిరితే? పళ్లు బిగించాడు.

నోట్లో కొంగు కుక్కుకున్న అనసూర్య గుర్తుకొచ్చింది. పాపం, ఎన్ని దగ్గులు మింగిందో. పొద్దున కుంచె ఇస్తే ఏం పోయేది? ఇంటికి పోగానే ఇవ్వాలనుకున్నాడు.

నాడి పట్టుకున్న కాంపౌండరు కేకవేసేసరికి డాక్టరు దారం వదిలేశాడు. రొమ్ము నొక్కాడు, సూది వేశాడు. ఆగిన గుండె ఆగినట్టే ఉంది.

"ఒక్కమాట చెప్పమన్నానమ్మా," వరండాలో అనసూర్యతో అన్నాడు డాక్టరు. "ఎందుకు చెప్పలేదో."

అనసూర్య నోటికడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"కన్ను దిద్దేటాయనతోని మా ఇంట్ల ఎవ్వలం మాట్లాడం సారూ."

దినాలు అయ్యాక కుంచె ఆమె చేతికొచ్చింది. ఏనుగులకూ చిలుకలకూ కళ్లు దిద్ది అంగడికి పంపింది; చెయ్యి ఒక్కసారీ అదరలేదు. జింకను మాత్రం ఇవ్వలేదు. అది గూట్లోనే ఉంది, ఎడమకంటి చోట ఆయన పెట్టిన తెల్లచుక్కతో.