చావు టెంటుకి చాలని ఉప్పు

సింహాద్రి పోయిన దగ్గర్నుంచి ఎండ కదలడం లేదు. నడినెత్తిన ఉన్నది నడినెత్తినే ఉంది. రోడ్డు మీద వేసిన మడతమంచంలో అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు, మొహం నిండా ఎండే. పక్కవీధిలో సాయంత్రమైపోయింది, అక్కడ మల్లెపూలు అమ్ముతున్నారు. ఈ వీధిలో మాత్రం సింహాద్రి మీద నీడ పడేదాకా పొద్దు వాలదట.

వరహాలమ్మ మొగుణ్ణి ఇంట్లోకే తెచ్చుకోవాలనుకుంది. ఆస్పత్రి బండి ఆగీ ఆగగానే ఇంటి ఓనరు గున్నేశ్వరరావు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటీ అనుకోకు తల్లీ. అద్దింట్లోకి శవాన్ని రానిస్తే ఇల్లు మైలపడిపోద్ది. ఆర్నెల్లు తాళమేసుకోవాల."

ఆయన అంటుండగానే ఇల్లు తన మెట్లు పైకి ముడుచుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆ ఇంటి కొళాయిలన్నీ ఊరికే బాగుచేసి పెట్టిన మనిషి సింహాద్రి. థూ, ఏం ఇల్లో, ఏం మనుషులో.

సింహాద్రిదంతా అదో రకం. బస్సులో ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగోవాడు వచ్చి నిలబడితే అడక్కముందే జరిగేవాడు. సినిమా హాల్లో జరిగేవాడు, రేషను లైన్లో జరిగేవాడు. జరిగి జరిగి సగం మనిషి గాల్లో ఉండేవాడు. "నీకంటూ ఓ చోటుండొద్దా మావా?" అని వరహాలమ్మ తిట్టేది. ఇప్పుడు మడతమంచమంతా అతనిదే. ఇక మిగిలింది దాని మీద కాస్త నీడ.

టెంట్ హౌస్ సన్యాసిరావు కర్రలూ గుడ్డలూ తెచ్చి రోడ్డు వార కూర్చున్నాడు. కానీ వేయనంటాడు. "కార్పొరేషనోళ్ళ పర్మిషను లేకుండా కర్ర పాతితే, ఆ కర్రే మనల్ని పాతేస్తాదొదినా. మొన్న మా తమ్ముణ్ణి నడుందాకా పాతేసింది. ఇంకా అక్కడే ఉన్నాడు, టీ పట్టుకెళ్ళి ఇచ్చొస్తన్నాం."

వరహాలమ్మ కార్పొరేషను ఆఫీసుకి వెళుతుంది. లోపల నేల వెచ్చగా, తడిగా ఉంది, అడుగేస్తే దిగుతోంది. మెట్ల మూలల్లో కిళ్ళీ ఉమ్ములు గోడ పొడుగునా మెల్లగా పైకి పాకుతున్నాయి. వాటికి పై అంతస్తులో పనులున్నాయి కాబోలు, జనం పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు. ఆమె చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది.

టెంట్ల సెక్షను ఆఫీసరు నాలుక బల్ల మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరిచి ఉంది. అర్జీ దాని మీదే పెట్టాలి. ఆమె పెడుతుంది. కాగితం కాసేపు నానుతుంది.

"ఉప్పు చాల్లేదు," అంటాడు ఆఫీసరు. నాలుక పనిలో ఉంది కనుక మాట చొక్కా జేబులోంచి వస్తుంది. "చావు టెంటు అంటున్నావు. ఏడవలేదా?"

"ఏడుపు రాలేదు బాబూ. ఆ ఎండకి కళ్ళంట నీళ్ళు బయటికి రాకుండానే ఆరిపోతన్నాయి. టెంటేస్తే దాని కింద కూకుని ఏడుస్తాను. మా ఆడోళ్ళందరం అలాగే ఏడుస్తాం."

"ఏడిస్తే గాని టెంటు రాదు."

"టెంటొస్తే గాని ఏడుపు రాదు బాబూ."

"చూశావా, ఇద్దరి మాటా ఒకటే," అని ఆఫీసరు సంతోషిస్తాడు. "పోనీ పెళ్ళి టెంటు రాయించుకో. పెళ్ళి అర్జీలు చప్పగా ఉన్నా చెల్లుతాయి."

"పెళ్ళెవరికి?"

"రోడ్డు మీద ఎవరున్నారు?"

"మా ఆయన."

"ఆయనకే. పెళ్ళాం నువ్వు ఉండనే ఉన్నావు. వేరే సంబంధం వెతికే పని కూడా లేదు."

వరహాలమ్మకి ఒళ్ళు మండిపోతుంది. అయినా మంచం మీద మనిషి గుర్తొస్తాడు. ఏ పేరు చెప్పి ఇస్తేనేం, గుడ్డ గుడ్డే కదా అనుకుని సరేనంటుంది. ఆఫీసరు ఆమె అరచెయ్యి నాకుతాడు. అదే ముద్ర. చెంగుతో తుడుచుకుంటే చెంగు కంపు కొడుతుంది తప్ప ముద్ర పోదు.

"తనిఖీకి వస్తాం. భోజనాలుండాలి," అంటుంది జేబు.

ఆమె అరచెయ్యి చూపించగానే కర్రలు వాటంతట అవే బుద్ధిగా నేలలోకి దిగుతాయి. ఎర్రగుడ్డ, పసుప్పచ్చ కుచ్చులు. గుడ్డతోపాటే పులిహోర గంగాళం, వంకాయకూర, లడ్డూల బుట్ట దిగుతాయి. సన్యాసిరావు తల వంచుకుని సింహాద్రి నుదుటికి బాసికం కడతాడు. అతని మొహం మీద మొదటిసారి నీడ పడుతుంది.

ఆఫీసరు సిబ్బందినంతా వెంటేసుకుని వస్తాడు. మంచానికి అటూ ఇటూ బంతి వేసి కూర్చుంటారు. గున్నేశ్వరరావు అందరికంటే ముందే విస్తరి ముందు మఠం వేసుకున్నాడు. "పెళ్ళికి మైలేటి?" అంటాడు, ఎవరూ అడక్కుండానే. చేతులు మోచేతులదాకా కూరలో మునుగుతున్నాయి. గడ్డాల వెంట పులుసు కారుతోంది.

"పెళ్ళికొడుకు మొహమాటపడుతున్నాడు," అని ఆఫీసరు ఆ ఎంగిలి చేత్తోనే ఓ లడ్డూ తీసి సింహాద్రి నోట్లో కుక్కుతాడు. అందరూ నవ్వుతారు. లడ్డూ పొడి అతని పెదవుల మీద రాలుతుంది, దానికోసం చీమలు మంచం కోడు ఎక్కుతున్నాయి.

అప్పుడొస్తుంది వరహాలమ్మకి ఏడుపు. మంచం పట్టె మీద తల బాదుకుంటుంది. "ఓలమ్మో మావో... ఊరందరికీ జరిగి చోటిచ్చిన మావో... నీకు చోటివ్వడానికి ఊళ్ళో గుమ్మమే లేదా మావో..."

బంతిలో నమలడం ఆగుతుంది. పెళ్ళి టెంటు పీకేస్తారేమోనని సన్యాసిరావు కర్ర పట్టుకుంటాడు. "ఫరవాలేదు," అంటాడు ఆఫీసరు, "అప్పగింతలప్పుడు ఏడుస్తారుగా." తరవాత విస్తరి ఎత్తి ఆమె మొహం కిందికి చాపుతాడు. "కూరలో ఉప్పు చాల్లేదు. ఇటు రామ్మా."

ఒక్కొక్కరే విస్తళ్ళు ఎత్తుతారు. ఆమె ఆపుకోవాలని చూస్తుంది, ఆగదు. టప్ టప్ మని అన్నంలో పడిన కన్నీళ్ళు కలుపుకుని వాళ్ళు తింటారు, వేళ్ళు నాక్కుంటారు. గున్నేశ్వరరావు మారు అడుగుతాడు.

టెంటు మీద ఇంతసేపూ కాచుకుని కూర్చున్న ఎండకి ఆ ఉప్పు వాసన తగులుతుంది. అది కుచ్చులు పక్కకి తప్పించి, తల వంచి లోపలికి వస్తుంది. దాని చేతిలోనూ ఓ విస్తరి ఉంది, అంచులు అప్పుడే మాడుతున్నాయి. చోటు కోసం బంతి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూస్తుంది. ఎవ్వరూ కదలరు. చివరికి మంచం దగ్గరకొచ్చి నిలబడుతుంది.

వరహాలమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. "వద్దు మావా. ఈ ఒక్కపాలైనా జరక్కు."

సింహాద్రి నోట్లో లడ్డూతోనే, బాసికం జారకుండా చూసుకుంటూ, మంచం మీద ఓ వారకి జరుగుతాడు. ఎండ అతని పక్కన సర్దుకుని కూర్చుని, విస్తరి ఆమె ముందుకి చాపుతుంది.