ఈకలు కూరే చేతులు

గ్రిజెల్ పొద్దున్నే కుండెడు పెద్దబాతు ఈకలు ఉడకేసింది. దొరల పొడవాటి టోపీ నిండా పట్టే ఈకల్ని గుప్పెడంత తోలు సంచిలో కూరితే ఒక గోల్ఫ్ బంతి. ఇనుప కడ్డీని రొమ్ముకు ఆనించి, ఒంటి బరువంతా వేసి కూరాలి. మూతి కుట్టాలి. ఈకలు ఆరుతూ ఉబ్బుతాయి, తోలు ఆరుతూ బిగుస్తుంది, బంతి రాయవుతుంది. ఆ రాయి మీద మొగుడు వాటీ తన పేరు ముద్ర కొడతాడు. బంతి పనిలో అతను చేసేది అదొక్కటే.

గోల్ఫ్ ఆట ఆడి పొట్టపోసుకోవడం ఆ సముద్ర తీరంలో వాటీతోనే మొదలు. నిన్న పందెంలో ఎడిన్‌బరో ఆటగాణ్ణి ఓడించాడు. ఇంత గట్టి బంతి ఎవరు చేశారని దొరలు అడిగితే, "ఈ చేతులే దొరా" అని చాపాడట. ఇంటికొచ్చి తనే చెప్పుకుని నవ్వాడు.

గ్రిజెల్‌కి నవ్వు రాలేదు, దగ్గొచ్చింది.

"దగ్గి దగ్గి నీ కుట్టు వదులైపోతోందే. రేపట్నుంచి మన పిల్ల ఈఫీని పనిలో కూర్చోబెట్టు," అన్నాడు వాటీ.

"దానికింకా తొమ్మిదేళ్లే."

పొయ్యి పక్కనుంచి అత్త అందుకుంది. "నేను ఏడేళ్లకే కూర్చున్నా. నాకేమైందమ్మా?" అంటుండగానే దగ్గు తెర ముంచుకొచ్చి గోడ పట్టుకుంది.

"చూశావా? మా అమ్మ ఇంకా గట్టిదే!" అన్నాడు వాటీ. "రేపు దొరలు బంతి చెయ్యడం చూడ్డానికొస్తారు. వెనక గదిలో కుట్టి ఉంచు. వాళ్ల ముందు నేను ముద్ర కొడతా."

పెళ్లైన కొత్తలో, నీడపట్టున కూర్చుని చేసే పనేగా అన్నాడు. ఆ నీడలోనే ఆమె ఊపిరితిత్తుల్లో ఈకల నుసి పేరుకుంది. ఉమ్మితే నూగు పడుతోంది. నా రొమ్ము ఎలాగూ పోయింది, ఈ కడ్డీని నా బిడ్డ రొమ్ముకి ఆననిస్తానా అనుకుంది గ్రిజెల్.

మర్నాడు దొరలొచ్చి కూర్చున్నారు. గ్రిజెల్ శాలువా కప్పుకుని, ఈఫీ చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

"ఏమే, ఎక్కడికి?"

ఆమె దొరలకే చెప్పింది. "మొదట్నుంచీ చూడండయ్యా. ఈకలు ఉడికాయి, తోలు నానింది, కడ్డీ అదిగో. మా ఆయన చేసి చూపిస్తారు."

రేవులో గ్రిజెల్ అక్క చేపలు కోస్తుంది, ఇక తనకూ అదే పని. కంపు పని, వేళ్లు తెగే పని. కానీ గాలి ఆడే చోటు. ఈఫీతో గడప దాటుతుంటే వెనక ఒక దొర గొంతు వినిపించింది.

"మొదలుపెట్టవేం, వాటీ?"