రెండో గ్లాసు

ఆకు నూరి పసరు వడగట్టి, రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి భర్తకు. అది వంటింట్లోనే మూత కింద ఉండాలి, ఆయన మంచినీళ్ళకొచ్చినట్టు వచ్చి తాగిపోతాడు. రెండోది తను హాల్లో, అత్తగారి కళ్ళెదుట తాగాలి.

"కళ్ళు మూసుకుని మింగెయ్యమ్మా. ఈసారైనా నీ కడుపు పండాలి" అంటుంది అత్తగారు రోజూ.

పండనిది తన కడుపు కాదని ఆమెకెలా తెలుస్తుంది? పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే పని ఆయనది. ఆ సీసమే ఒంట్లో చేరి వీర్యకణాల్ని దెబ్బతీస్తోందని డాక్టరమ్మ చెప్పింది. "ఆకులూ పళ్ళూ కొంతవరకు కాపాడతాయేమో. ముందు ఆ పని మానండి, కనీసం పనిబట్టలు అక్కడే వదిలి రండి" అంది. ఆయన చెవికెక్కింది ఆకుల మాటొక్కటే. ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో చెయ్యి పట్టుకుని, "అమ్మకు చెప్పకే. నాకోసం ఆమాత్రం మొయ్యలేవా?" అన్నాడు. ఎన్నడూ పట్టుకోని చెయ్యి! కరిగిపోయింది, పిచ్చిది. అప్పట్నుంచి మోస్తూనే ఉంది. ఆడపడుచు పసిదాన్ని ఎత్తుకోబోతే ఆమె "నిద్రపోయే టైమైంది వదినా" అని లాక్కున్నప్పుడూ నోరు విప్పలేదు. సాయంత్రమయ్యేసరికి ఆయన బట్టలు దులిపి, బూడిదరంగు నీళ్ళు పోయేదాకా చేత్తో ఉతికేది. తలనొప్పి, నీరసం అంటే "ఇంట్లో కూర్చునేదానికి నీరసమేంటి?" అనేవాడు.

మొన్న డాక్టరమ్మే అడిగింది, "ఈయన బట్టలెవరు ఉతుకుతారు?" అని. అంతవరకూ ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు, తనకు కూడా. తనకూ రక్తపరీక్ష చేయించింది. నిన్న రిపోర్టు వచ్చింది. తన రక్తంలోనూ సీసమే.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకేం, పసరు ఎలాగూ తాగుతున్నావుగా" అన్నాడు.

రాత్రంతా ఏడుపు రాలేదు. ఒళ్ళు మాత్రం పులిసిపోయినట్టుంది.

ఇప్పుడు మూత తీసింది. ఆ గ్లాసు హాల్లోకి తెచ్చి, అత్తగారి పక్కనే కూర్చున్న భర్త ముందు పెట్టింది. మాసిన పనిబట్టల సంచీ ఆయన కాళ్ళ దగ్గర దించింది.

"ఈ మందు ఆయనది అత్తయ్యా. మొదట్నుంచీ లోపమూ ఆయనదే."

ఆయన తల దించుకున్నాడు. అత్తగారు కొడుకు వంకా గ్లాసు వంకా మార్చి మార్చి చూసింది.

"మరి ఇన్నాళ్ళూ నువ్వెందుకు తాగావే?"

"ఆయన బట్టలు ఉతికినట్టే, అత్తయ్యా. ఇవాళ్టితో రెండూ మానేశాను."