కింది తలుపు తీసిన రోజు

ఉప్పు అంటుకోలేదు కదా, మూడుసార్లు కుదిపినా సీసా గోడకి ఒక్క రవ్వ అంటుకోలేదు కదా, ఇంకా ఈ భయం ఏమిటి తల్లీ, అనుకుంటూ ఆమె రేకుల గాదె కింద వంగి తలుపు చక్రం పట్టుకుంది, ఇనుము చల్లగా ఉంది, అరచేతులకే చెమట, నెత్తిమీద రెండు మేడల ఎత్తు మొక్కజొన్న, లారీ డ్రైవరు కానీయండమ్మా అంటున్నాడు, కానీయడానికేం, పోయినేడూ ఇలాగే కానిచ్చాం, కాసేపు ధారగా పడి టక్కున ఆగిపోయింది, పైన గింజ అట్టకట్టి కూర్చుంది, దాని కింద డొల్ల, ఎవరికి తెలుసు, మరిది కర్ర పట్టుకుని పై మూతలోంచి దిగాడు, రెండు పోట్లు పొడిచొస్తా వదినా, నువ్వు టీ పెట్టు అన్నాడు, నీళ్ళు మరగనే లేదు, వదినా అని కేక, రేకు లోపలినుంచి, బావిలోంచి పిలిచినట్టు.

ఛాతీ దాకా కూరుకుపోయాడు, లాగితే రాడు, ఆయనా పక్క పొలంవాళ్ళూ గాదె గోడ కోసి గింజంతా కిందికి వదిలితే గానీ మనిషి బయటపడలేదు, మూడోనాటికి మరిది నవ్వేశాడు, భూమ్మీద నాకు ఇంకా నూకలున్నాయిలే అని ఏదో వాగాడు, తను నవ్వలేకపోయింది, గింజ ఆరడానికి గాదెలోకి గాలి కొట్టే ఫ్యాను ఆపించింది తనే మరి, కింద పిడికెడు గింజ తీసి కొరికి చూసింది, పటుక్కుమంది, ఎండిపోయిందర్రా ఆపేయండి అంది, గాలి కిందినుంచి పైకి ఎక్కుతుంది, కింద ముందు ఎండుతుంది, పైది ఆఖరున, ఆ చెమ్మకే అట్టకట్టింది, ఇంత చిన్న సంగతి ఆ రోజు బుర్రకెక్కలేదు, ఒక్కరూ తనని వేలెత్తి చూపలేదు, అదే ఎక్కువ మంట.

అందుకే ఈ ఏడు ఎవరేమన్నా వినలేదు, కింద గింజ ఎండాక ఇంకో పద్దెనిమిది రోజులు ఫ్యాను తిప్పింది, ఆ రొదకి నా చెవులు పోయాయే అని అత్తగారు, మా వదిన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని మరిది, అనుకోండి, నోళ్ళకి తాళం వేయలేను గానీ పై మూతకి వేశాను, లోపల కాలు పెట్టినవాడి కాలు విరగ్గొడతాను అంది, రోజూ నిచ్చెనెక్కి, మూత దగ్గరే నిలబడి, పొడుగాటి గొట్టం నడిమధ్యకి గుచ్చి, నలుసూ నూకా చేరే చోటే కదా చెమ్మ దాక్కునేది, ఆ గింజనే తెచ్చి ఎండు ఉప్పుతో సీసాలో పోసి కుదిపేది, చెమ్మ ఉంటే ఉప్పు గోడకి అంటుకుంటుంది, మొదటి వారం ఉప్పు తడి ఇసుకలా పట్టేసింది, తర్వాత కొంచెం, తర్వాత ఇంకా తక్కువ, నిన్న అసలు లేదు.

తిప్పవే, ఎంతసేపు అనుకుంది, చక్రం కిర్రుమంది, గింజ దూకింది, పసుపు ధార, మర దాన్ని లాక్కెళ్ళి లారీలో కుమ్మరిస్తోంది, ఇదిగో పోయినేడు ఆగింది ఇక్కడే, ఆగలేదు, దాటింది, గలగలా ఒకటే చప్పుడు, రేకుకి చెవి ఆనించింది, ఎక్కడా వెలితి లేదు, మొత్తం గింజ కదిలి దిగుతోంది, రా నా తల్లీ రా, ఒళ్ళంతా పులకరించింది, గెలిచాను, నేనే చెడగొట్టాను నేనే బాగుచేశాను, లారీ సగమైంది, ముప్పాతికైంది, ఆ తర్వాత అటు చూడనేలేదు, ఇంతలో వదినా అని కేక.

చెయ్యి చక్రం మీద కొయ్యబారింది, వదినోయ్ ఆపు, లారీ పొర్లిపోతోంది, కళ్ళెక్కడ పెట్టుకున్నావ్, అప్పుడు తిరిగి చూసింది, ఎండలో, లారీ పక్కన, రెండు కాళ్ళూ నేలమీద, డ్రైవర్ని ఒక చేత్తో అదిలిస్తూ ఇంకో చేత్తో తనని పిలుస్తూ మరిది, ఆమె చక్రం తిప్పుతూ ఫక్కున నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, అరుచుకో నాయనా, ఎంత కావాలంటే అంత అరుచుకో, ఈసారి కేక బయటినుంచి వచ్చింది.