కణుపు చెక్కని కట్టు

హెన్రీ రోమను సిపాయిల కత్తులకు పిడులు చేస్తాడు. నవ్వకండి, నిజమే. కొడవలూరు దాటాక సముద్రం వైపు తిరిగే రోడ్డు పక్కన రేకుల కొట్టంలో కూర్చుని, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన సైన్యానికి ఇప్పుడు ఎద్దు ఎముకతో పిడులు చెక్కుతున్నాడు. ఎక్కడెక్కడి దేశాల్లోనో సెలవు రోజున ఆ వేషాలు కట్టి కవాతు చేసే సరదారాయుళ్ళు ఉన్నారట. వాళ్ళ కోసం చెన్నై వ్యాపారి ఒకడు ఫోన్లో బొమ్మలు పంపుతాడు. తవ్వకాల్లో దొరికిన పాత పిడి, దాని మీద వేళ్ళు కుదురుకోవడానికి నాలుగు నొక్కులు, ఒర కొసకు ఎముక తొడుగు. పెద్ద అధికారులైతే ఏనుగు దంతం పెట్టించుకునేవాళ్ళట. మామూలు సిపాయికి ఎద్దు కాలి ఎముకే గతి. ఇప్పుడు దంతం ముట్టుకుంటే జైలే కాబట్టి, హెన్రీ దగ్గర అధికారికైనా సిపాయికైనా ఎద్దు ఎముకే.

"ప్రభువుకు మేకులు కొట్టినోళ్ళకు కత్తులు చేస్తా ఉండావు. రేపు ఆయనకేం జవాబు చెప్తావు?" అని భార్య రెబెక్కమ్మ దెప్పుతుంది.

"పిడి వరకే నాది. కత్తి సంగతి నాకు తెలవదని చెప్తాలే" అంటాడు హెన్రీ.

ఈ సరసాలన్నీ బుధవారం పొద్దున ఆగిపోయాయి. కావలి నుంచి వచ్చిన గోతంలోని ఎముకల్ని చాకలి సోడా నీళ్ళలో ఉడికించి, ఎండబెట్టి, ఒక్కొక్కటే ఏరుతున్నాడు. ముంగాలి ఎముక ఒకటి చేతికి వచ్చింది. నడుమ బొడిపె కట్టి ఉంది. ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక పిడికి పనికిరాదు. అవతల పారేయబోతుంటే, బొటనవేలు ఒక నొక్కులో దిగింది. చింతగింజ పట్టేంత నొక్కు.

హెన్రీ ఎముకను వెలుతురుకు పట్టి చూశాడు. అది తను చేసిన నొక్కే.

వెనకింటి చెంచమ్మ కోడెదూడ ఒకసారి కాలవ తూములో కాలు ఇరికించుకుని విరగ్గొట్టుకుంది. కట్టు కట్టింది హెన్రీయే, నాయన దగ్గర నేర్చిన పని. కోడిగుడ్డు సొన పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. తొందరలో ఒక బద్దకు కణుపు చెక్కడం మరిచాడు. అది లోపలికి ఒత్తుకుని పుండు పడింది, ఎముక దాకా నొక్కు దిగింది. "కణుపు చెక్కకుండా కట్టినావే, నీ చేతులు పడిపోను!" అని చెంచమ్మ ఊరంతా వినేట్టు తిట్టింది. కాలైతే నిలిచింది, కాస్త వంకరగా. ఆ దూడే బుల్లోడు. ఎద్దయ్యాడు, ఆమె మడి దున్నాడు, ముసలివాడయ్యాడు. 'అది' అంటే చెంచమ్మ ఊరుకోదు కాబట్టి మనమూ 'వాడు' అనే అందాం.

మొన్న ఎండాకాలంలో చెంచమ్మ కొడుకు నరేంద్రబాబు తల్లికి నచ్చజెప్పాడు. ట్రాక్టరు వచ్చాక ముసలి ఎద్దుకు ఇక్కడ పనేముంది, సంగంలో మా మామగారింట పెన్న ఒడ్డున పచ్చిగడ్డి దండిగా ఉంది, వాడక్కడ హాయిగా ఉంటాడన్నాడు. లారీ ఎక్కించాడు. చెంచమ్మ నమ్మింది. హెన్రీ కూతురు కెజియాను ఇచ్చింది సంగంలోనే. వచ్చే ఆదివారం హెన్రీ అక్కడికి పోతున్నాడని తెలిసి, "మా బుల్లోడిని చూసి రా అబ్బయా" అని ముందే చెప్పి పెట్టింది.

హెన్రీ ఎముకను కండువాలో చుట్టుకుని తిన్నగా పొలంలో ఉన్న నరేంద్రబాబు దగ్గరికి పోయాడు.

"ఇది బుల్లోడి కాలు గదా?"

నరేంద్రబాబు ముఖం పాలిపోయింది. "మా మామ వద్దన్నాడన్నా. తీరా లారీ వచ్చేసింది. కావలి బేరగాడు తోలుకుపోతానన్నాడు. నేను... అమ్మకు చెప్పబాకన్నా, తట్టుకోలేదు" అని చేతులు పట్టుకుని ఏడ్చాడు. వెధవ, ఆ ఏడుపేదో లారీ ఎక్కించక ముందు ఏడవకూడదూ! కానీ ఎదుట నిలబడి ఏడ్చేవాణ్ణి హెన్రీ ఏమీ అనలేకపోయాడు. చెప్పనని మాటిచ్చి వచ్చాడు.

ఆ తర్వాత పని సాగలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని ఎముకలు కోశాడో, ఒక్కదానికీ పేరు ఉంటుందనుకోలేదు. ఫోన్లోని ఆ పాత పిడి కూడా ఏ ఇంటి ఎద్దుదో. దాన్నీ ఏ తల్లో పేరు పెట్టి పిలిచే ఉంటుంది. హెన్రీకి భయం వేసింది. రంపం పక్కన పెట్టేశాడు.

శనివారం చెంచమ్మ వచ్చింది, గుడ్డలో తవుడూ బెల్లం కలిపిన ఉండలు కట్టుకుని. ఎముకల కొట్టమంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడప బయటే నిలబడే మనిషి.

"ఇవి వాడికి పెట్టు హెన్రీ. కొత్త చెయ్యి గదా, తినడు. ముందు కొంచెం నాలిక్కి రాయి."

"రేపు పోవడం లేదక్కా. ఒంట్లో బాగలేదు."

అబద్ధం చెప్పడం చేతగాని మనిషి. చెప్తూ చెప్తూ బల్ల మీది కండువా వైపు చూశాడు. చెంచమ్మ అతని ముఖం చూసింది, కండువా చూసింది. గడప దాటి లోపలికొచ్చింది.

"అక్కా, వద్దు, ఎముకలుండాయి..."

ఆమె కండువా విప్పింది. ఎముకను చేతిలోకి తీసుకుంది. ఎన్నో సాయంత్రాలు నూనె రాసిన కాలది. బొటనవేలు వెతుక్కోకుండానే ఆ నొక్కులోకి పోయింది.

"ఇది నువ్వు కణుపు చెక్కని కట్టు గదా, హెన్రీ."

 చెంచమ్మ ఎముకల గోతం మీదే కూలబడింది. చాలాసేపు ఏడ్చింది, ఏడుపు బయటికి వినపడకుండా నోట్లో కొంగు కుక్కుకుని.

"నా కొడుక్కి తెలుసునా?" అంది చివరికి.

"తెలుసు."

"ఏడ్చినాడా?"

"ఏడ్చినాడక్కా."

ఆమె ఉండల్ని బల్ల మీద పోసింది. ఖాళీ అయిన గుడ్డలో ఎముకను చుట్టుకుంది. "మడి గట్టున ఉప్పు పోసి పూడుస్తా. నువ్వు రేపు సంగం పో. తిరిగొచ్చి బుల్లోడు బాగుండాడని చెప్పు. మావాడి ముందరే చెప్పు."

"ఎందుకక్కా?"

"నాకు తెలిసిందని తెలిస్తే వాడింక నా ముఖం చూడలేడు. ఉండేది వాడొక్కడే గదా నాకు."

హెన్రీ పోయాడు. ఉండల్ని కెజియా ఇంటి గేదె తినింది. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేసరికి నరేంద్రబాబు వసారాలో అన్నం తింటున్నాడు. చెంచమ్మ వడ్డిస్తోంది.

"బాగుండాడక్కా" అన్నాడు హెన్రీ. నేల వైపు చూస్తూ అన్నాడు.

నరేంద్రబాబు చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఉండలు తిన్నాడా?"

"తిన్నాడు."

"నాలిక్కి రాసినావా ముందు?"

"రాసినానక్కా."

"అయితే సరే" అంది చెంచమ్మ. గోళ్ళలో గట్టు మట్టి ఇంకా పోని ఆ చేత్తోనే మజ్జిగ ముంత అందుకుంది. "చెయ్యి ఆపినావే నాయనా? తిను" అని కొడుకు కంచంలో పోసింది.