మాణిక్యాంబ యలుక

ఎండలు నిప్పులు చెరుగుచున్న రోహిణీకార్తె మధ్యాహ్నమున సముద్రపుగాలి సైతము ఎచటనో నిలిచిపోగా కాకినాడ పట్టణపు మేడలన్నియు అట్లపెనములవలె కాగుచుండ, విద్యుత్తు పోయిన యొక మూడవ అంతస్తు ఇంటిలో హైమవతి యను నిల్లాలు పాలన్నపు గిన్నె చేతబట్టి అత్తగారి మంచము కడ నిలిచియుండెను. ఆ అత్తగారైన మాణిక్యాంబ నిన్నటి యుదయము మొదలు మెతుకు ముట్టలేదు. ఆల్జైమర్సను మాయదారి రోగము ఆమె యెఱుకను కొంచెము కొంచెముగ కొఱికివైచి కొడుకును కోడలిని మరపించి, ఎనిమిదేండ్ల ప్రాయమున నాడుకొనిన బొమ్మలపెండ్లిని మాత్రము చెక్కుచెదరకుండ మిగిల్చినది. మరచిన మరచుగాక, అన్నముపై నీ పగ యేల? సాయంకాలములోపల తినకున్నచో ఆసుపత్రిలో చేర్చి ముక్కున గొట్టము వేయవలసివచ్చునని వైద్యుడు చెప్పిపోయెను.

మాణిక్యాంబ యొక తువ్వాలును బొమ్మగా చుట్టి దానికి రవికగుడ్డ కట్టి యొడిలో నిడుకొని మొగము గోడవైపు త్రిప్పుకొనియున్నది. ముసలామె గొణుగుడులో పెండ్లి యను మాట యొక్కటి చెవిని బడగనే హైమవతి సంగతి గ్రహించితి ననుకొనెను. తన పెండ్లినాడు విడిదింట కాఫీ చల్లారిన దన్న నెపమున విస్తరిముందు నుండి లేచిపోయి తన తండ్రిచేత గడ్డము పట్టించుకొని బ్రతిమాలించుకొనిన మహాతల్లి యీమెయే కదా! మగపెండ్లివారి యలుక తీరనిదే భోజన మెట్లు సాగును? కావున నా యిల్లాలు పండ్లు పటపట కొఱుకుచునే మర్యాదలకు పూనుకొనెను. వెండిగ్లాసున కాఫీ తెచ్చెను. గంధము పూయబోయెను. బీరువాలోని పట్టుచీర పళ్లెరమున నుంచి యందించెను. ఒక్కొక్క మర్యాదకు ముసలామె మఱింత ముడుచుకొనిపోయెను.

"కాస్త నెమ్మదిగా బతిమాలవోయ్, తింటుంది" అని పక్కగదిలో విసనకఱ్ఱ విసరుకొనుచు భర్త జోగారావు సెలవిచ్చెను.

"మీ అమ్మగారే కదా, మీరొచ్చి బతిమాలండి!" అని హైమవతి కసరెను. పక్కగదిలో విసనకఱ్ఱ చప్పుడు మఱింత హెచ్చెను.

ఆమె యోరిమి అంతటితో తెగెను. "ఇంకా ఏం లోపం చేశామండీ? ఆనాడు మా నాన్నని ఏడిపించింది చాలలేదా? మీ కాళ్లు పట్టుకుంటాను, తినండి!"

మాణిక్యాంబ మెల్లగ నిటు తిరిగెను. ఆమె కన్నులనిండ నీరు.

"పిల్లతల్లిని కదా వదినగారూ, కన్యాదానం కాకుండా మెతుకెలా ముట్టనూ? మీరేమో పీటల దగ్గరికి రారు. పైగా మగపెళ్లివారయ్యుండి మాకు చీరలు పెడతారేవిటండీ, నలుగురూ నవ్వరూ?"

కన్యాదానము ముగియువఱకు పిల్ల తల్లిదండ్రు లుపవాస ముండుట యెల్లరెఱిగిన యాచారమే. జీవితమంతయు మగపెండ్లివారి పెత్తనము చెలాయించిన యీమె బొమ్మలాటలో ఆడపిల్ల తల్లి యని యెవరు కలగందురు? ఇంతవఱకు తాను చేసిన మర్యాదలన్నియు తప్పుపక్షమునకు చేసినవే. నవ్వవలెనో తల బాదుకొనవలెనో తెలియక హైమవతి నేలపై పీట వైచుకొని కూర్చుండెను.

"కానివ్వండి వదినగారూ, ముహూర్తం మించిపోతోంది" అని తానే తొందరపెట్టెను.

ముసలామె మొగము విప్పారెను. బొమ్మను హైమవతి కప్పగించి తువ్వాలుకొంగు గిన్నెలోని పాలలో ముంచి అప్పగింతల రీతిని కోడలి యరచేతి కద్దెను.

"అమాయకురాలండీ. చెప్పింది మరిచిపోతూ ఉంటుంది. కోప్పడకండేం? కడుపులో పెట్టుకుని చూసుకోండి."

హైమవతి తల్లియు నొకనా డిట్లే యీమె యెదుట చేతులు జోడించి వేడుకొనగా ఈమె "సరే సరే, బండికి వేళైంది" అని మొగము త్రిప్పుకొనినది. నా డీమె యీయని మాటను నేడు తా నీయవలసివచ్చుట హైమవతికి పట్టరాని యన్యాయముగ తోచెను. కోపము కోపముగనే యుండెను, చేయి మాత్రము బొమ్మను గుండెకు హత్తుకొనెను.

"చూసుకుంటానండీ. నా దగ్గరే ఉంటుంది."

"అమ్మయ్య, ఇప్పుడాకలేస్తోంది" అని మాణిక్యాంబ పసిపిల్లవలె నోరు తెఱచెను. హైమవతి ముద్ద కలిపి పెట్టెను. ఆ మాట పుచ్చుకొనిన యామె రెండవ ముద్ద మ్రింగులోపలనే దానిని మరచిపోయెను. ఇచ్చిన యామెకు మాత్రము మరచుటకు వీలు లేకపోయెను.